గట్టు రోడ్డుకి ఏ బండి

జూన్ 3, మంగళవారం

నువ్వు పిరికివాడివి. ఈ పుస్తకం చదివేది నువ్వొక్కడివే కాబట్టి మర్యాదలు అక్కర్లేదు. ఇన్నేళ్లూ పత్రికల్లో మంత్రుల్ని నిలదీశావు, కాంట్రాక్టర్లని కడిగేశావు, స్త్రీ స్వేచ్ఛ మీద సభల్లో గొంతు చించుకున్నావు. ఇంట్లో భార్య ఒక చిన్న కారు కొందామంటే ఎండాకాలమంతా బ్రోచర్లు తిరగేశావు. రెండు బళ్లు పోల్చి చూస్తున్నానంటావు. పోల్చడం కాదు అది, రోజులు జరపడం.

ఇవాళ కాలువకి నీళ్లు వదిలారు. సాయంత్రం వంతెన మీద నిలబడి చూశాను. ఎండిన అడుగులో పిల్లలు ఆడుకుని వదిలేసిన వికెట్టు కర్రలు, సీసాలు, గుర్రపుడెక్క, అన్నీ కలిసి కొట్టుకుపోతున్నాయి. పక్కన రైతులు నారుమళ్ల గురించి మాట్లాడుకుంటూ సంతోషంగా ఉన్నారు. ఉండాలి కూడా. నేను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 5, గురువారం

విషయం విషయంగా రాసుకుంటే ఎక్కడ దాటేస్తున్నానో తెలుస్తుంది.

ఏప్రిల్లో లావణ్య స్కూటీ మీంచి పడి భుజం విరగ్గొట్టుకుంది. ఇక రెండు చక్రాల బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. లేసు సొసైటీ మొత్తం ఆ స్కూటీ మీదే నడిచింది. కాలువ గట్టు వెంబడి ఊళ్లలో ఆడవాళ్లకి దారం ఇచ్చి రావడం, వాళ్లు అల్లిన లేసు నరసాపురం తెచ్చి ఇస్త్రీ చేయించి బేరగాళ్లకి పంపడం, ఇన్నేళ్లుగా ఆమె పని. ఆటో పెట్టుకుని చూసింది. కుదుపులకి భుజం, దుమ్ముకి లేసు, రెండూ పాడవుతున్నాయి. ఆమె వెళ్లని ఊరికి అచ్చిబాబు వ్యాను వెళ్తోంది. అచ్చిబాబు దళారీ. మర్యాదస్థుడు, దారిలో కనబడితే ఆగి నమస్కారం పెడతాడు. సొసైటీ ఇచ్చేదాంట్లో సగం ఇచ్చి లేసు పట్టుకుపోతాడు.

"కాస్త ఎత్తుగా ఉండే చిన్న కారు చాలండి," అంది. "వంగి దిగబడక్కర్లేకుండా సీట్లో కూర్చోవాలి. గట్టు మీద గుంటలకి అడుగు తగలకూడదు. నేనే నడుపుతాను."

నడపడం ఆమెకి వచ్చు, నాకు రాదు. గంగాధర్ నేర్పాడు.

గంగాధర్ నా తమ్ముడు. పోయిన ఏడాది మార్చిలో, గట్టు రోడ్డు మీద లాకుల దగ్గర మలుపులో, కారుతో సహా కాలువలో పడి పోయాడు. రాశాను. ఇవాళ్టికి చాలు.

జూన్ 8, ఆదివారం

భీమవరం వెళ్లాం. మొదటి షోరూము. బండి బూడిదరంగుది. పేర్లు రాయను. పేర్లు రాస్తే నేనూ ప్రకటన రాసినట్టే ఉంటుంది.

అశ్విని అని ఒక అమ్మాయి చూపించింది. చదువుకున్న పిల్ల, ఎండలో మాతోపాటు బండి చుట్టూ ఓపిగ్గా తిరిగింది.

"సన్‌రూఫ్ ఉందండి. టచ్ స్క్రీన్ అండి. ఎయిర్‌బ్యాగులు ఆరండి సార్."

"కాలువలో పడితే అద్దాలు దిగుతాయా అమ్మా?"

"అంటే ఎలాగండి?"

"కారు నీళ్లలో పడింది. కరెంటు పోయింది. లోపల మనిషున్నాడు. అద్దం దిగుతుందా, దిగదా?"

ఆ పిల్ల బ్రోచరు చూసింది. అందులో లేదన్న సంగతి ఆమెకీ తెలుసు, చూడటానికి ఇంకేం లేక చూసింది. "ఇందులో రాయలేదండి. కంపెనీకి మెయిల్ పెట్టి చెప్తానండి." తర్వాత గొంతు తగ్గించి, "మాదీ గట్టు మీద ఊరేనండి. నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజు మా నాన్నగారు కూడా ఇదే అడిగారండి," అంది.

ఇంతలో లావణ్య బండి వెనక తలుపు ఎత్తి డిక్కీలోకి చూస్తోంది. మూరతో కొలుస్తోంది. నేను ప్రాణాల గురించి మాట్లాడుతుంటే ఆమె సామాన్ల గురించి ఆలోచిస్తోంది అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు రాస్తున్నాను.

జూన్ 9, సోమవారం

మా కాలేజీలో అడ్మిషన్ల గొడవ, లెక్చరర్లందరం అదే పనిలో ఉన్నాం. నీలంది బూడిదదానికంటే వేలిమందం ఎత్తు ఎక్కువట.

జూన్ 12, గురువారం

నీలంది అంటే రెండో బండి. ఇంకా చూడలేదు, వీడియోలు చూశాను. సీటు గట్టిగా ఉంటుందట, రోడ్డు మీద పట్టు బాగుంటుందట. బూడిదది మెత్తనట. ఒకడు కొండల్లో నడిపి చూపిస్తాడు, ఇంకొకడు ఎడారిలో. కాలువకీ చెరువుకీ మధ్య ఒకటిన్నర బండి పట్టే రోడ్డు మీద నడిపినవాడు ఒక్కడూ లేడు. ఈ దేశంలో కార్లు ఎవరి కోసం తయారవుతాయో, రోడ్లు ఎవరి కోసం తయారవుతాయో, ఆ ఇద్దరూ ఒకళ్లు కారు. దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు. రాస్తాను. రాసి ఏం చేస్తాను?

గట్టు మీద బతికేవాళ్లకి ఒక అలవాటుంది. గట్టెక్కగానే అద్దాలన్నీ దించేస్తాం. బెల్టు తీసేస్తాం. వాన పడుతున్నా అంతే. అద్దాలెత్తుకుని ఏసీ వేసుకుని వెళ్లేవాణ్ణి చూస్తే ఊరికి కొత్త అనుకుంటాం. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. చట్టం పెట్టుకోమన్న బెల్టుని మేం ఇక్కడ తీసేస్తాం, ఎందుకంటే మా లెక్కలో చావు గుద్దుకుంటే రాదు, మునిగితే వస్తుంది.

గంగాధరూ అంతే. ఎప్పుడూ అద్దాలు దించుకునే వెళ్లేవాడు. ఆ రోజు ఎత్తి ఉన్నాయి.

ఎందుకు ఎత్తి ఉన్నాయో రాయను.

సాయంత్రం లోవలక్ష్మి ఫోన్ చేసింది. గట్టు మీద ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లకి ఆమే పెద్ద. లావణ్య స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మగారూ, ఎప్పుడొస్తారండి? రెండు నెలల సరుకు మంచం కింద పెట్టుకుని కూర్చున్నామండి. అచ్చిబాబు గారి వ్యాను రోజూ వాకిట్లో ఆగుతోందండి. నా మాట విని ఆగినవాళ్లు ఇంకెన్నాళ్లు ఆగుతారండి? పిల్లల ఫీజుల రోజులండి ఇవి."

"వస్తానే. బండి చూస్తున్నాం."

"మాస్టారు ఇంకా చూస్తున్నారాండి?" అంది లోవలక్ష్మి. లావణ్య నవ్వింది. నేను పక్క గదిలోకి వెళ్లాను.

జూన్ 15, ఆదివారం

రెండో షోరూము. సేల్స్ మేనేజరు సత్యప్రసాద్. నుదుట బొట్టు, మెడలో టై, బల్ల మీద చల్లటి మజ్జిగ పొట్లాలు. మర్యాదలో లోటు లేదు.

నా ప్రశ్న అడిగాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అక్కడే మండింది నాకు.

"వారానికి ఒకరిద్దరు అడుగుతారండి మాస్టారూ. అందుకే మేం కెనాల్ కిట్ అని పెట్టామండి. అద్దం పగలగొట్టే సుత్తి, బెల్టు కోసే కత్తి. నీలం బండికి ఈ నెల ఫ్రీ అండి. ఆషాఢం వచ్చేలోపు తీసుకుంటే ఫ్లోర్ మ్యాట్లు కూడా అండి."

ఆ సుత్తి గాజు అరలో, డాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న వినాయకుడికీ సెంటు సీసాకీ మధ్య పెట్టారు. గట్టుకి కంచె కట్టాల్సినవాడు కట్టడు, సుత్తి అమ్మేవాడు అమ్ముతాడు, మునిగేవాడు మునుగుతాడు, మధ్యలో ఫ్లోర్ మ్యాట్లు. ఇదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. ప్రజల భయాన్ని పొట్లం కట్టి అమ్మే సంస్కృతి గురించి అన్నాను. పక్క టేబుల్ దగ్గర బండి తీసుకుంటున్న కుటుంబం స్వీటు తినడం ఆపి చూసింది.

"ఆయ్, మరేనండి," అన్నాడు సత్యప్రసాద్. "నీలందే బుక్ చెయ్యమంటారాండి?"

బస్సు పాలకొల్లు దాటాక లావణ్య నా వైపు తిరిగింది.

"ఆయన్ని అంతలా అనాలా? ఆయన తవ్వాడా కాలువ?"

"నేను వ్యవస్థని అన్నాను."

"వ్యవస్థ టై కట్టుకుని కూర్చోలేదండి అక్కడ. సత్యప్రసాద్ గారు కూర్చున్నారు."

కిటికీలోంచి చూస్తూ మళ్లీ అడిగింది. "మళ్లీ కాలువకి నీళ్లు కట్టేసేదాకా పోలుస్తూనే ఉంటారా?"

మళ్లీ కాలువ కట్టేసేది వచ్చే ఏప్రిల్లో. ఆ ఆలోచన నాకు లేదని చెప్పాను. లేదనే అనుకున్నాను. ఇంటికొచ్చి పాత కాగితాలు చూస్తే నేను రాసుకున్న పట్టికలో 'కొనడానికి అనువైన సమయం' అని ఒక వరస ఉంది. రెండు బళ్లకీ ఎదురుగా 'వేసవి' అని నా చేతిరాతే.

జూన్ 16, సోమవారం

ఆ ఫోను గురించి రాయను.

జూన్ 20, శుక్రవారం

ఒకటి కనిపెట్టాను. బూడిదదాంట్లో అన్నిటికంటే కింది రకానికి వెనక తలుపుల అద్దాలు చేత్తో తిప్పేవి. కరెంటు అక్కర్లేదు. పై రకాలన్నిటికీ బటన్లు. అంటే ఎక్కువ పెట్టి కొన్నకొద్దీ మనిషి చెయ్యి తన ప్రాణానికి దూరమవుతుంది. ఇది మంచి వాక్యం. వ్యాసంలో వాడాలి.

అశ్వినికి ఫోన్ చేసి కింది రకం కావాలన్నాను.

"సార్, అందరూ పైది అడుగుతారండి. మీకు లోన్ ఇబ్బందైతే చూద్దామండి."

"ఇబ్బంది లేదు. చేత్తో తిప్పే అద్దాలు కావాలి."

"వెనకవేనండి అవి. ముందువి బటన్లేనండి. మేడమ్ గారు కూర్చునేది ముందు కదండి."

ఎంత మెల్లగా చెప్పిందంటే, తప్పు నాది కానట్టే ఉంది. ఫోన్ పెట్టేశాను. ఈ పట్టికలో ఏ గడీలోనూ లావణ్య స్టీరింగు వెనక కూర్చుని లేదు. ఇన్నాళ్లూ నేను గంగాధర్‌ని వెనక సీట్లోంచి బయటికి తీస్తున్నాను. వాడు కూర్చున్నది ముందు.

జూన్ 22, ఆదివారం

రాయాలని లేదు. రాయకపోతే రేపటికి ఇది నాకు అనుకూలంగా మారిపోతుంది.

పొద్దున లావణ్య మూడు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు హాల్లో పెట్టింది. మూతకి నాలుగు పక్కలా క్లిప్పులు బిగించేవి, పెళ్లి వంటవాళ్లు పప్పులు పోసుకుని తీసుకెళ్లేలాంటివి. ఖాళీవి. "పదండి," అంది. బస్సులో కండక్టరు, "ఏంటి మాస్టారూ, ఇల్లు మారుతున్నారా," అన్నాడు.

ముందు నీలంది. రెండు డబ్బాలు పట్టాయి. వెనక అద్దం ఏటవాలుగా ఉంది, మూడోది పెడితే తలుపు పడటం లేదు. సత్యప్రసాద్ స్వయంగా వంగి తోసి చూశాడు. పాపం, చొక్కా అంతా చెమట. సీటు మడిస్తే పడుతుందండి అన్నాడు. వెనక ఆడవాళ్లు కూడా ఎక్కుతారండి, సీటు కావాలి అంది లావణ్య.

తర్వాత బూడిదది. మూడూ పక్కపక్కనే కూర్చున్నాయి. తలుపు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. "ఇదే," అంది అశ్వినితో.

"డబ్బాలొక్కటే చూస్తే ఎలా?" అన్నాను. ఎత్తు తేడా చెప్పాను, బ్రేకుల సంగతి చెప్పాను, నీలందాని పట్టు గురించి చెప్పాను. అశ్విని నెమ్మదిగా మంచినీళ్ల కోసం అన్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

"ఏవండీ," అంది లావణ్య. "లేసు ఈ డబ్బాల్లో ఉంటే దుమ్ము పడదు. దుమ్ము పడకపోతే అద్దాలు దించుకుని వెళ్లొచ్చు."

నేను మూడో డబ్బా క్లిప్పు తీసి మళ్లీ బిగించాను.

"గట్టు మీద ఎర్ర గ్రావెల్ పోసి వదిలేశారు ఆ రోజుల్లో. ఊళ్లలో ఆడవాళ్లు తెల్ల లేసు బోలెడు గుడ్డలో కట్టి గంగాధర్ బండి వెనక సీట్లో పెట్టారు, నా కోసం తెస్తున్నాడు. అద్దాలెత్తుకో గంగాధరూ, దుమ్ము పడితే సరుకు తిప్పి పంపిస్తారు అని ఫోన్లో నేనే చెప్పాను. మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. విన్నారు."

"లావణ్యా, ఆ రోడ్డు వేసినవాళ్లు..."

"రోడ్డు వేసినవాళ్ల మీద మీరు రాశారు. చదివాను. బాగుంది. నా మాట ఒక్కటీ అందులో రానివ్వకుండా ఎంత జాగ్రత్తగా రాశారో కూడా చూశాను. ఏడాది పైనైంది, మీరు ఆ మాట అనరు. అనకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతున్నారో నేను రోజూ చూస్తున్నాను. అనేస్తే బాగుండేది."

"నేను నిన్ను తప్పుపట్టలేదు."

"పట్టలేదు. కారు కొనలేదు, అంతే."

ఆమె కళ్లు తడవలేదు. అలిసిపోయి ఉంది. భుజం మీద చెయ్యేసి నొక్కుకుంటోంది, నొప్పి వచ్చినప్పుడు చేసేలా.  నేను డబ్బాలు ఒక్కొక్కటీ డిక్కీలోంచి కిందికి దించాను.

అశ్విని నీళ్లు తెచ్చింది. తాగాం. బూడిదది బుక్ చేశాం.

జూన్ 23, సోమవారం

వ్యాసం రాయలేదు.

జూలై 5, శనివారం

బండి వచ్చింది. ఆషాఢం కాబట్టి షోరూములో బండి తీసుకునేది మేమొక్కళ్లమే. నాస్తికుడిగా బతికినందుకు ఇదొక్కటి కలిసొచ్చింది, వరస లేదు. చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం అశ్వినే పెట్టేసింది. వాదించే ఓపిక లేదు. తొక్కించాం.

లావణ్య భీమవరం నుంచి హైవే మీద నడిపింది. బాగా నడుపుతుంది. గంగాధర్ లాగే హారన్ రెండుసార్లు పొట్టిగా కొడుతుంది.

జూలై 7, సోమవారం

గట్టు రోడ్డు మీద వెళ్లాం.

నేను రానక్కర్లేదంది. వస్తానన్నాను. గట్టెక్కే ముందు బండి ఆపి నాలుగద్దాలూ దించింది. నేను బెల్టు తీశాను.

"పెట్టుకోండి," అంది.

"గట్టు మీదా?"

"బెల్టు ఉండాలి, అద్దం దిగి ఉండాలి. అదొకటి, ఇదొకటి. బెల్టు లేకపోతే గట్టు దిగేలోపే తల పగులుతుంది. తర్వాత అద్దం దిగి ఏం లాభం?"

పెట్టుకున్నాను. ఆమె చెప్పింది సరైనదే. నాకు మాత్రం ఛాతీ మీద ఎవరో చెయ్యేసి కూర్చోబెట్టినట్టుంది.

కాలువ ఎడమవైపు, నా వైపు. నిండుగా ఉంది. కుడివైపు రొయ్యల చెరువులు. రోడ్డు భుజం దాకా, అంటే పక్క మట్టి అంచు దాకా, కోసుకుంటూ వచ్చారు. కోసినవాళ్లలో మా అభ్యుదయ సభలకి చందా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మీద నేనెప్పుడూ రాయలేదు.

లాకుల మలుపు వచ్చింది. ఆ రోజు తర్వాత నేను ఇటు రావడం ఇదే మొదటిసారి. అక్కడేదో ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. గడ్డి పెరిగింది. ఒక మేక మేస్తోంది. మలుపు తిరుగుతుండగా ఎదురుగా రొయ్యల మేత లారీ వచ్చింది, బస్తాలు పైదాకా. లారీవాడు ఆగాడు, కదల్లేడు. మేమే వెనక్కి వెళ్లాలి.

నేను తలుపు మీద చెయ్యేశాను.

"దిగకండి," అంది లావణ్య. "మీరు దిగితే ఎడమ పక్క ఎవరు చూస్తారు? అంచు ఎంతుందో చెప్పండి చాలు."

అద్దం దిగి ఉంది కాబట్టి తల బయటపెట్టి వెనక చక్రం వైపు చూశాను. చక్రం, గడ్డి, ఆ కింద నీళ్లు.

"ఉంది," అన్నాను. "ఉంది. ఇంకా ఉంది. కొంచెం కుడికి. ఉంది. చాలు. ఆపు."

ఆపింది. లారీ మా పక్కనుంచి మెల్లగా పాక్కుంటూ వెళ్లింది. లారీవాడు పైనుంచి, "థాంక్సండి మేడమ్," అన్నాడు. నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

లోవలక్ష్మి వాకిట్లో ఆడవాళ్లు దుప్పటి పరిచి కూర్చున్నారు. ఆగినవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువమందే. కొందరు వెళ్లిపోయారు, పిలిస్తే వస్తారంది లోవలక్ష్మి. లేసు డబ్బాల్లో సర్దుతుంటే, "మాస్టారు పోల్చడం అయిపోయిందాండి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కాబోలు.

జూలై 11, శుక్రవారం

అర్జీ రాశాను. కాలువల ఆఫీసుకి, రోడ్ల ఆఫీసుకి, కలెక్టరు గారికి. నాలుగు పేజీలు. రాత్రంతా నిద్ర లేకుండా రాయలేదు, కాలేజీలో ఖాళీ పీరియడ్‌లో రాశాను, అయినా అలసటగా ఉంది.

లోవలక్ష్మి ఇంట్లో చదివి వినిపించాను. వలస పాలకులు కాలువ తవ్వినప్పటి నుంచి మొదలుపెట్టాను. ఆడవాళ్లు దారం తిప్పుకుంటూ విన్నారు. 

"బాగుందండి మాస్టారూ," అంది లోవలక్ష్మి. "తిట్టు మాత్రం గట్టిగానే ఉందండి. ఎవరికి తగలాలండి అది?"

"కంచె కావాలని ఎక్కడ రాశారండి?" అని లావణ్య అడిగింది.

మూడో పేజీలో ఉందన్నాను.

"సంతకం పెట్టేవాళ్లు మూడో పేజీ దాకా రారు. ఆ ఆఫీసరు అసలే రాడు. లారీ వచ్చినప్పుడు నాకు చెప్పారు చూడండి, ఉంది, చాలు, ఆపు అని. అలా రాయండి. మిగతాది పత్రికలో రాసుకోండి, ఎవరొద్దన్నారు?"

నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. అక్కడే దుప్పటి మీద కూర్చుని మళ్లీ రాశాను. వాళ్లు చెప్పారు, నేను రాశాను. రెండు చోట్ల నా మాట ఉంది. చెరువులది నేనే రాశాను, చందా ఇచ్చేవాళ్లు చదువుకోనీ. ఆరోది చదువుతున్నప్పుడు లావణ్య నా వైపు చూసి, ఉంచండి, అంది.

గట్టు రోడ్డు మీద రోజూ తిరిగే మేము అడిగేవి:

1. లాకుల మలుపులో కాలువ వైపు ఇనుప కంచె వెయ్యాలి. వానలు వెళ్లాక కాదు, ఇప్పుడే.

2. లాకుల నుంచి వంతెన దాకా అంచు పొడవునా చీకట్లో మెరిసే రాళ్లు పాతాలి.

3. రోడ్డు భుజం కోసి చెరువులు తవ్వినవాళ్ల చేతే ఆ భుజం తిరిగి కట్టించాలి. వాళ్లు ఎవరైనా సరే.

4. ఎదురెదురుగా వచ్చిన బళ్లు తప్పుకోవడానికి అక్కడక్కడా వెడల్పు చెయ్యాలి.

5. గ్రావెల్ పోసి వదిలేసిన చోట తారు వెయ్యాలి. దుమ్ము లేకపోతే ఎవరూ అద్దాలు ఎత్తుకోరు.

6. కాలువలో పడి పోయినవాళ్ల పేరు పక్కన పోలీసు కాగితాల్లో 'అతివేగం' అని రాయడం ఆపాలి. గంగాధర్ మెల్లగా నడిపేవాడు.

7. లేసు తెచ్చే ఆడవాళ్లు రేపు కూడా ఈ రోడ్డు మీదే వెళ్తారు. మీరు వచ్చేదాకా ఆగరు. కాబట్టి త్వరగా రావాలి.